రోజూ కూల్‌డ్రింక్ తాగనిదే ఉండలేకపోతున్నారా? ఒంట్లో ఏం జరుగుతుందో, ఎలా తగ్గించుకోవాలో చూద్దాం

మూడేళ్ళ పాటు నాకు సాయంత్రం నాలుగయ్యేసరికి అర లీటరు కోలా బాటిల్ చేతిలో ఉండాల్సిందే. రోజుకి ఒకటే కదా, సిగరెట్ లేదు మందు లేదు, ఈ మాత్రం దానికి ఏమవుతుందిలే అనుకునేవాణ్ణి, ఇంట్లోవాళ్ళు గొణిగినా అదే సమాధానం చెప్పేవాణ్ణి. ఒకరోజు చల్లటి నీళ్ళు తాగితే ముందు పళ్ళు జివ్వుమని ప్రాణం పోయినంత పనైంది, డెంటిస్ట్ దగ్గరికెళ్తే ఆవిడ నోరు చూసి స్వీట్లు తింటారా అని అడగలేదు, రోజూ ఏం తాగుతుంటారు అని అడిగారు. అప్పట్నుంచి ఈ విషయం మీద చదవడం, మానడం, మళ్ళీ మొదలెట్టడం, మళ్ళీ మానడం, ఇదంతా అయ్యాక ఇప్పుడు నిజంగా వదిలింది. నాకు పనికొచ్చినవన్నీ ఇక్కడ రాస్తున్నా, రోజూ తాగేవాళ్ళెవరికైనా పనికొస్తాయి.

ముందే ఒక మాట, పంచదార లేని ఉత్త సోడాతో, అంటే గ్యాస్ నీళ్ళతో నాకు గొడవ లేదు. నేను చెప్పేది పంచదార కలిపిన కూల్‌డ్రింకుల గురించి, కోలా, ఆరెంజ్, లెమన్ ఏ రంగుదైనా సరే, ఎనర్జీ డ్రింకులు కూడా ఇందులోకే వస్తాయి. ఇంకోటి, ఎప్పుడో నెలకోసారి ఒక గ్లాసు తాగడం ఒంటికి పెద్ద లెక్క కాదు. కానీ అదే రోజూ అయితే చాప కింద నీరులా వస్తుంది, కొన్నేళ్ళ పాటు పైకి ఏమీ కనిపించదు.

ముందు లెక్క చూసుకోండి

మానాలా వద్దా అని ఇప్పుడే ఆలోచించొద్దు. మీరు తాగే బాటిల్ వెనక్కి తిప్పి 100 మిల్లీలీటర్లకి పంచదార ఎంతో చూడండి. మామూలు కోలాలో 10.6 గ్రాముల దాకా ఉంటుంది, అంటే 330 మిల్లీలీటర్ల క్యాన్‌లో 35 గ్రాములు, అర లీటరు బాటిల్లో 53 గ్రాములు. స్పూనుకి 4 గ్రాములు వేసుకుంటే ఆ బాటిల్లో 13 స్పూన్లు. కొన్ని బాటిళ్ళ మీద ఒక సర్వింగ్‌కి ఇంత అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఆ సర్వింగ్ అంటే సగం బాటిలో ఇంకా తక్కువో అవుతుంది, మనమేమో మొత్తం తాగేస్తాం, కాబట్టి ఎప్పుడూ 100 మిల్లీలీటర్ల లెక్కే చూసి మీ బాటిల్ సైజుతో గుణించుకోండి.

తర్వాత ఒక ఖాళీ గ్లాసు తీసుకుని అన్ని స్పూన్ల పంచదార నిజంగా పోసి చూడండి. చదివితే అంకె, చూస్తే వేరు. నేను 13 స్పూన్లు పోశాక కాసేపు దానివైపే చూస్తూ కూర్చున్నా, ఎవరైనా టీలో అంత వేసిస్తే ఒక్క గుటక కూడా గొంతు దిగదు కదా అనిపించింది.

మరి కూల్‌డ్రింక్‌లో ఎలా దిగుతోంది అంటే చల్లదనం వల్ల, గ్యాస్ వల్ల, పులుపు వల్ల. చల్లగా ఉంటే నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది, యాసిడ్ పులుపు తీపిని కప్పేస్తుంది. ఇది కూడా చేసి చూడండి, మీ డ్రింక్ ఒక గ్లాసులో పోసి రాత్రంతా బయట పెట్టేసి గ్యాస్ పోయాక పొద్దున గోరువెచ్చగా ఒక గుక్క తాగండి, పాకం తాగినట్టుంటుంది. రోజూ ఒంట్లోకి వెళ్తోంది అదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం విడిగా కలిపే పంచదారలు, తేనె, జ్యూసుల్లోని పంచదార, ఇవన్నీ కలిపి రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి 10 శాతం అంటే 50 గ్రాములు, 5 శాతం అంటే 25 గ్రాములు. అంటే ఒక్క అర లీటరు బాటిల్‌తోనే పై హద్దు దాటిపోయాం, ఇంకా టీ కాఫీలు, బిస్కెట్లు, స్వీట్లు లెక్కలోకే రాలేదు. రోజుకి ఒకటి చొప్పున ఏడాదికి 19 కిలోల పంచదార ఈ ఒక్క అలవాటు మీదే.

ఒంట్లో ఏం జరుగుతుంది

మొదటి సంగతి, తాగే పంచదారకి కడుపు నిండదు. 2000లో ఒక ప్రయోగం చేశారు, కొంతమందికి నాలుగు వారాలు రోజుకి 450 కేలరీలు జెల్లీ మిఠాయిల రూపంలో, ఇంకో నాలుగు వారాలు అవే 450 కేలరీలు కూల్‌డ్రింక్ రూపంలో ఇచ్చారు. మిఠాయి తిన్నప్పుడు వాళ్ళంతట వాళ్ళే మిగతా తిండి తగ్గించుకున్నారు, కూల్‌డ్రింక్ తాగినప్పుడు మాత్రం తిండి తగ్గలేదు, బరువు పెరిగారు. అందుకే నేను తినేది తక్కువే అయినా లావవుతున్నా అని మీరు అంటుంటే ఒకసారి తాగేది ఏంటో చూసుకోవాలి.

రెండోది లివర్. పంచదారలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. గ్లూకోజ్‌ని ఒంట్లో అన్ని కణాలూ వాడుకుంటాయి, ఫ్రక్టోజ్ భారం ఎక్కువగా లివర్ మీదే పడుతుంది. పండు తింటే అందులో ఫ్రక్టోజ్ పీచుతో కలిసి కొద్దికొద్దిగా వస్తుంది, బాటిల్ ఐదు నిమిషాల్లో గటగటా తాగేస్తే ఒక్కసారిగా వచ్చి పడుతుంది, లివర్ దాన్ని కొవ్వు కింద మార్చడం మొదలెడుతుంది. ఆ కొవ్వు కొంత లివర్‌లోనే పేరుకుంటుంది, అదే ఫ్యాటీ లివర్, కొంత ట్రైగ్లిజరైడ్స్‌గా రక్తంలోకి వెళ్తుంది. మందు చుక్క ముట్టనివాళ్ళకి కూడా ఫ్యాటీ లివర్ వస్తుంది, సన్నగా ఉన్నవాళ్ళకీ వస్తుంది, నేను సన్నగానే ఉన్నా కదా నాకేంటి అనుకునేవాళ్ళు దయచేసి ఇది గుర్తు పెట్టుకోండి.

షుగర్ జబ్బు సంగతి. 2010లో అప్పటిదాకా వచ్చిన చాలా అధ్యయనాలు కలిపి చూస్తే, రోజుకి ఒకటి రెండు తీపి డ్రింకులు తాగేవాళ్ళకి, అసలు తాగనివాళ్ళతోనో నెలకి ఒకటి లోపు తాగేవాళ్ళతోనో పోలిస్తే టైప్ 2 డయాబెటిస్ వచ్చే అవకాశం 26 శాతం ఎక్కువ కనిపించింది. ఇవి మనుషుల్ని ఏళ్ళ తరబడి గమనించి చెప్పిన లెక్కలు, కూల్‌డ్రింక్ తాగిన ప్రతి ఒక్కరికీ షుగర్ వచ్చేస్తుందని కాదు. కానీ బరువు పెరగడం వల్లే ఇదంతా అని దాన్ని లెక్కలోంచి తీసేసినా ప్రమాదం తగ్గింది గానీ పోలేదు. ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉన్నవాళ్ళయితే ఈ అంకెని తేలిగ్గా తీసుకోవద్దు.

యూరిక్ యాసిడ్ గురించి చాలామందికి తెలీదు. ఫ్రక్టోజ్ విరిగేటప్పుడు యూరిక్ యాసిడ్ పెరుగుతుంది, అది కీళ్ళలో చేరితే గౌట్, కాలి బొటనవేలు ఎర్రగా వాచిపోయి దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి. 2008లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో రోజుకి రెండు, అంతకంటే ఎక్కువ తాగే మగవాళ్ళకి గౌట్ ప్రమాదం 85 శాతం ఎక్కువ. కిడ్నీలో రాళ్ళ మీద 2013లో వచ్చిన దాంట్లో రోజూ పంచదార కోలా తాగేవాళ్ళకి, వారానికి ఒకటి కూడా తాగనివాళ్ళ కంటే 23 శాతం ఎక్కువ. ఒకసారి రాయి పడ్డవాళ్ళకి డాక్టర్లు నీళ్ళు బాగా తాగమంటారు, ఆ నీళ్ళ స్థానంలో కూల్‌డ్రింక్ పోస్తే అసలుకే మోసం.

ఎముకలకి సంబంధించి, 2006లో వచ్చిన అధ్యయనంలో రోజూ కోలా తాగే ఆడవాళ్ళకి తుంటి ఎముక సాంద్రత తక్కువగా కనిపించింది, మగవాళ్ళలో అది కనిపించలేదు, కోలా కాని డ్రింకులతో కూడా కనిపించలేదు.

పళ్ళ దగ్గర కాస్త ఆగుదాం

నేను దెబ్బ తిన్నది ఇక్కడే కాబట్టి వివరంగా చెప్తా. పంటి మీద ఎనామెల్ అని గట్టి పొర ఉంటుంది, నోట్లో పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) దాదాపు 5.5 కంటే కిందకి దిగితే ఆ పొరలోంచి ఖనిజాలు కరగడం మొదలవుతుంది. కోలా పీహెచ్ 2.5 దగ్గర ఉంటుంది. 5.5కి 2.5కి తేడా మూడే కదా అనుకోవద్దు, పీహెచ్‌లో ఒక్కో అంకె తగ్గితే పులుపు పదింతలు, మూడంకెలంటే వెయ్యింతలు. ఇది డ్రింక్‌లో ఉన్న యాసిడ్ వల్ల జరిగేది, దీనికి తోడు నోట్లో బాక్టీరియా ఆ పంచదార తిని ఇంకొంత యాసిడ్ తయారు చేస్తుంది, దానివల్ల పళ్ళు పుచ్చుతాయి. రెండు దెబ్బలు ఒకేసారి. పోయిన ఎనామెల్ మళ్ళీ పెరగదు.

మంచి విషయం ఏంటంటే ఉమ్ము ఈ యాసిడ్‌ని నెమ్మదిగా సర్దేస్తుంది, కానీ దానికి అరగంట దాకా టైమ్ కావాలి. నేను చేసిన పెద్ద తప్పు ఇదే, బాటిల్ పక్కన పెట్టుకుని పని చేసుకుంటూ పది నిమిషాలకోసారి ఒక గుక్క, అలా రెండు గంటలు. అంటే రెండు గంటలూ పళ్ళు యాసిడ్‌లో నానినట్టే, ఉమ్ముకి అసలు పని చేసే అవకాశమే ఇవ్వలేదు. కాబట్టి మానే లోపు తాగాల్సి వస్తే భోజనంతో పాటు ఒకేసారి తాగేయండి, గుక్క గుక్కగా సాగదీయొద్దు, నోట్లో పట్టుకుని పుక్కిలించొద్దు, స్ట్రా ఉంటే నోటి లోపలికి పెట్టుకుని తాగండి, అయ్యాక మామూలు నీళ్ళతో నోరు కడుక్కోండి. వెంటనే బ్రష్ మాత్రం చేయొద్దు, అప్పటికి పైపొర మెత్తబడి ఉంటుంది, బ్రష్‌తో రుద్దితే అది కాస్తా అరిగిపోతుంది, అరగంట నుంచి గంట ఆగి చేయండి. పడుకునే ముందు తాగడం అన్నిటికంటే చెడ్డది, నిద్రలో ఉమ్ము ఊరడం తగ్గిపోతుంది.

మీ బాటిల్ మీకేం ఇస్తోందో కనుక్కోండి

నేను రెండుసార్లు మాని మళ్ళీ మొదలెట్టడానికి కారణం ఇది చేయకపోవడమే. రేపట్నుంచి బంద్ అని నోరు కట్టేసుకోవడం, ఐదో రోజుకి తెగిపోవడం. మూడోసారి మాత్రం మూడు రోజులు ఫోన్‌లో రాసుకున్నా, ఎన్నింటికి తాగాలనిపించింది, అప్పుడు ఏం చేస్తున్నా, ఆకలా నిద్రా విసుగా అని. మీరూ రాయండి, ఆ మూడు రోజులు మామూలుగానే తాగండి, రాయడం మాత్రం మానొద్దు.

రాశాక చూస్తే కారణం సాధారణంగా ఈ నాలుగిట్లో ఒకటో రెండో అయ్యుంటుంది. కెఫీన్, తీపి, చల్లటి గ్యాస్ గొంతులో కొట్టే ఆ చురుకు, లేదా ఉత్తినే కుర్చీలోంచి లేవడానికి ఒక సాకు. దేనికి దాని మందు వేరు.

కెఫీన్ అయితే, ఒక 355 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 34 మిల్లీగ్రాములు ఉంటుంది, ఒక కప్పు కాఫీలో దీనికి రెండు మూడింతలు. అంటే పొద్దున పూట పంచదార లేకుండానో తక్కువేసుకునో ఒక కాఫీనో టీనో తాగితే ఆ అవసరం తీరిపోతుంది. సాయంత్రం తాగే కెఫీన్‌తో ఇంకో చిక్కు ఉంది, తాగిన ఐదు గంటల తర్వాత కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది, నిద్ర సరిగా పట్టదు, మర్నాడు నీరసం, నీరసానికి మళ్ళీ ఇంకో బాటిల్. నాది సరిగ్గా ఇదే చక్రం. తీపి కోరిక అయితే ఆ టైమ్‌కి ఒక పండు తినండి, ఆకలి కూడా తీరుతుంది. గ్యాస్ చురుకు కావాలంటే పంచదార లేని ఉత్త సోడా బాగా చల్లగా చేసుకుని ఒక నిమ్మచెక్కో పుదీనా ఆకులో వేసుకోండి, నిమ్మకాయ కూడా పులుపే కాబట్టి గంటల తరబడి చప్పరిస్తూ కూర్చోవద్దు. సాకు కోసం అయితే అదే టైమ్‌కి లేచి పది నిమిషాలు నడిచి రండి, నాకు సగం అలవాటు దీనితోనే పోయింది, నాలుగింటికి నాకు కావాల్సింది ఆ గదిలోంచి బయటపడడం అని అప్పుడు తెలిసింది.

ఎలా తగ్గించాలి

ఒక్కసారిగా మానొచ్చు, కొంతమందికి అదే బాగుంటుంది. కానీ రోజుకి రెండు మూడు కోలాలు తాగేవాళ్ళకి కెఫీన్ ఆగిపోయిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవ్వచ్చు, ఒకటి రెండు రోజుల్లో బాగా ఎక్కువై, రెండు రోజుల నుంచి తొమ్మిది రోజుల దాకా ఉండొచ్చు, చిరాకు, మగత కూడా ఉంటాయి. ఇది తెలీక చాలామంది, నాకు మానితే పడట్లేదు అనుకుని మళ్ళీ తాగేస్తారు. నేనూ మొదటిసారి అలాగే చేశా.

నేను చేసింది ఇలా. మొదటి వారం అర లీటరు బదులు 330 క్యాన్. రెండో వారం 250. మూడో వారం అదే 250 రోజు విడిచి రోజు, అది కూడా భోజనంతోనే. నాలుగో వారం వారానికి రెండు. ఇంట్లో స్టాక్ పెట్టుకోవడం మొదటి రోజే ఆపేశా, ఫ్రిజ్ తెరవగానే కనపడితే మనసు ఊరుకోదు, కావాలంటే చెప్పులేసుకుని వెళ్ళి ఒక్కటి తెచ్చుకోవాలి అని పెట్టుకున్నా, ఆ చెప్పులేసుకునే బద్ధకమే చాలాసార్లు కాపాడింది. పెద్ద బాటిల్ కొంటే చవక కదా అని లీటరున్నర తెచ్చుకోవద్దు, గ్యాస్ పోతుందని ఆ రోజే అయిపోగొడతాం.

ఎన్నాళ్ళకి అలవాటు మారుతుంది అని అడిగితే, 21 రోజులు అని అందరూ అంటారు గానీ తిండి, తాగుడు, వ్యాయామం లాంటి కొత్త అలవాట్ల మీద చేసిన ఒక అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది, ఒక్కొక్కరికి 18 నుంచి 254 దాకా. అందులోనే ఇంకోటి తేలింది, మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా తేడా పడలేదు. కాబట్టి ఒకరోజు తాగేస్తే అంతా పోయిందని వదిలేయొద్దు, మర్నాడు మామూలుగా కొనసాగించండి.

దారిలో మోసపోయే చోట్లు

జ్యూస్‌కి మారిపోవడం అన్నిటికంటే మామూలు తప్పు. ప్యాకెట్ జ్యూస్, ఇంట్లో తీసినదైనా సరే, పీచు పోయాక పంచదార దాదాపు కూల్‌డ్రింక్ దగ్గర్లోనే ఉంటుంది, పండు తినండి, తాగొద్దు. ఎనర్జీ డ్రింక్ అంటే పంచదారకి తోడు ఎక్కువ కెఫీన్.

డైట్, జీరో డ్రింకుల గురించి అడుగుతారు. పంచదార ఉండదు కాబట్టి ఆ మేరకు మేలే, కానీ యాసిడ్ అలాగే ఉంటుంది, పళ్ళకి తేడా సగమే. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, బరువు తగ్గడానికి వీటిలో పంచదార బదులు కలిపే స్వీటెనర్ల మీద ఆధారపడొద్దని సూచించింది. అదే ఏడాది జులైలో ఆ స్వీటెనర్లలో ఒకటైన అస్పర్టేమ్‌ని క్యాన్సర్ కారకం కావచ్చు అనే 2బి గుంపులో పెట్టారు, అప్పుడు చాలా భయాలు పుట్టాయి, కానీ ఇంకో నిపుణుల కమిటీ రోజుకి కిలో బరువుకి 40 మిల్లీగ్రాముల హద్దుని మార్చలేదు, 70 కిలోల మనిషి ఆ హద్దు దాటాలంటే రోజుకి 9 నుంచి 14 క్యాన్లు పైన తాగాలి. నా అభిప్రాయం, మానే క్రమంలో ఒకటి రెండు నెలలు ఊతకర్రలా వాడుకోండి, తర్వాత అదీ వదిలేయండి, ఎందుకంటే అంత తీపికి నాలుక అలవాటు పడి ఉన్నంతకాలం మామూలు నీళ్ళు రుచించవు. ఫినైల్‌కీటోన్యూరియా (పుట్టుకతో వచ్చే ఒక అరుదైన జబ్బు) ఉన్నవాళ్ళు మాత్రం అస్పర్టేమ్ అసలు ముట్టకూడదు.

విరేచనాలైనప్పుడు పిల్లలకి కూల్‌డ్రింక్ పట్టడం చూస్తుంటా, దయచేసి చేయొద్దు. అంత పంచదార పేగుల్లోకి నీళ్ళు లాగి విరేచనాలు ఇంకా పెంచుతుంది, కావాల్సిన ఉప్పు అందులో ఉండదు, ఓఆర్ఎస్ పట్టండి. పిల్లల సంగతికొస్తే, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో చెప్పింది రెండేళ్ళ లోపు వాళ్ళకి కలిపిన పంచదార వద్దే వద్దని, ఆ పైన 18 ఏళ్ళ దాకా తీపి డ్రింకులు వారానికి 240 మిల్లీలీటర్లు దాటొద్దని. వారానికి, రోజుకి కాదు.

షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకి ఒక ముఖ్యమైన మాట. ఉన్నట్టుండి చెమటలు పట్టి చేతులు వణికి షుగర్ పడిపోతే, అప్పుడు 150 మిల్లీలీటర్ల మామూలు కూల్‌డ్రింక్ మందులా పనిచేస్తుంది, అందులో సుమారు 15 గ్రాముల పంచదార ఉంటుంది. డైట్ డ్రింక్ అప్పుడు పనికిరాదు. రోజూ తాగే అలవాటు మానేస్తే మందుల మోతాదు మార్చాల్సి రావచ్చు, మీ డాక్టర్‌కి చెప్పి మానండి.

పరీక్షలు

ఏళ్ళ తరబడి తాగుతున్నవాళ్ళు మానడం మొదలెట్టే ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ, ట్రైగ్లిజరైడ్స్, లివర్ ఎంజైములు, యూరిక్ యాసిడ్. పరగడుపు షుగర్ 100 నుంచి 125 మధ్య ఉన్నా, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉన్నా షుగర్ గుమ్మం దగ్గర ఉన్నట్టు, 126 పైన, 6.5 పైన ఉంటే డాక్టర్ దగ్గరికి వెంటనే వెళ్ళాలి. ట్రైగ్లిజరైడ్స్ 150 లోపు ఉండాలి. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటు చూపిస్తుంది కాబట్టి మానిన వారానికే మళ్ళీ చేయించి మారలేదని నిరాశ పడొద్దు, మూడు నెలలు ఆగి చేయించండి.

నావి మొదటిసారి ట్రైగ్లిజరైడ్స్ 212, మూడు నెలల తర్వాత 148, ఈ మధ్యలో నేను మార్చింది ఈ బాటిల్, సాయంత్రం ఆ పది నిమిషాల నడక, అంతే. పళ్ళకి మాత్రం రెండుచోట్ల ఫిల్లింగ్ వేయించుకోవాల్సి వచ్చింది, చల్లటి నీళ్ళు ఇప్పటికీ కుడివైపు నుంచి తాగుతా. ఎప్పుడైనా ఎవరైనా గ్లాసులో పోసిస్తే వద్దనను, భోజనంతో పాటు తాగేసి వెళ్ళి నోరు కడుక్కుని వస్తా, మొన్నొకసారి అలాగే ఇస్తే సగం గ్లాసు కూడా పూర్తి చేయలేకపోయా, తీపి అంత వెగటుగా అనిపించింది.